గుర్తు లేని కొడవలి

మునిరత్నం మొదలియారుగారిని ప్రశ్న అడగడమంటే ఎండలో పడి తిరగడానికి ఒప్పుకోవడమే. నలభై ఏళ్లుగా మదనపల్లె కోర్టులో క్రిమినల్ కేసులు వాదిస్తున్న మనిషి కదా, జవాబు నాలుక చివరే ఉంటుంది. కానీ చెప్పరు. లేచి చెప్పులు వెతుక్కుంటారు. చెప్పులు దొరికాయంటే అడిగినవాళ్ల పని అయిపోయినట్టే.

ఆయన దగ్గర జూనియరుగా చేరి ఏడు నెలలైన ఇందుమతికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసి కూడా ఆ పొద్దున అడిగేసింది.

"సార్, ప్రాణం కాపాడుకోడానికే కాల్చాడని మనకు నమ్మకం కుదిరాక, ఇంకా సాక్ష్యాల కోసం ఇంత తడుముకోవడం దేనికి? నిజం నిజమే కదా?"

కేసు బోడిగుట్టపల్లె గంగులప్పది. అడవిపందులు పైరు తినకుండా కాచుకోడానికి అతనికి లైసెన్సు ఉన్న ఒంటిగొట్టం తుపాకీ ఉంది. పక్క చేను కదిరప్పతో గట్టు తగాదా ఉంది. ఒకనాడు పొద్దు బారెడెక్కాక రెండూ ఒకచోట కలిశాయి. కదిరప్ప తనను చంపబోయాడనీ, ఆత్మరక్షణకే కాల్చాననీ గంగులప్ప మాట. కదిరప్పకిక మాట లేదు. హత్య అని తేలితే గంగులప్పకు యావజ్జీవం. సబ్‌జైల్లో ఎడమచేతికి కట్టుతో కూచుని, "అక్కా, నేను మనిషిని చంపే వాణ్ణి కాదు" అని తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదైన ఇందుమతిని పట్టుకుని ఏడ్చాడు. ఆమె అక్కడే నమ్మేసింది. నల్లకోటు ఇంకా మెడ దగ్గర గుచ్చుకునే వయసు, నమ్మకపోతే ఎట్లా?

పైగా కాగితాలు కూడా అతని వైపే ఉన్నాయి. శవం చేతి పక్కన కొడవలి దొరికిందని పంచనామాలో రాశారు. పోలీసులు తుపాకీకి ఒకటో నంబరు, కొడవలికి రెండో నంబరు వేసి ఫోటోలు తీశారు.

మొదలియారుగారు ఆ రెండో ఫోటోను కళ్లజోడుకు బెత్తెడు దూరంలో పెట్టుకుని చూస్తున్నారు.

"చేతి దెబ్బకు డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చినాడు గదా, ఏం రాసినాడమ్మా?"

"ముంజేతి ఎముక చిట్లింది సార్."

"తోలు తెగిందా?"

"లేదు సార్. వాపే."

"ఊఁ" అని ఆయన చెప్పులు వెతుక్కున్నారు.

దారి పొడుగునా కారులో ఇందుమతి ముఖం ముడుచుకునే ఉంది. ఈయనకు హోటల్లో కాఫీ ఇస్తే చక్కెర మీద అనుమానం, ఇంట్లో ఇస్తే పాల మీద అనుమానం. ఇప్పుడు సొంత కక్షిదారు మీదే వచ్చిపడింది. కొడవలి తిరగేసి కొట్టుంటాడు, పిడి తగిలుంటుంది, ఎన్ని ఉండవు? అయినా ఒకసారి మొలిచిన అనుమానం ఊరుకోదు. ఊరు దగ్గరపడేసరికి ఆమె కూడా ఆ ఫోటోను మళ్లీ తీసి చూసింది. కొడవలి పిడి మీద ఒకచోట తెల్లగా మెరుస్తోంది. ఫ్లాష్ వెలుగనుకుని ఇన్నాళ్లూ వదిలేసింది.

బోడిగుట్టపల్లెలో రాగి కోతలు జరుగుతున్నాయి. గంగులప్ప తమ్ముడు ఎర్రప్ప పరుగెత్తుకుంటూ ఎదురొచ్చాడు. "మజ్జిగ తాగండి సార్, ఎండన పడి వచ్చినారు. కబురు పెట్టింటే నేనే వచ్చేవాణ్ణి గదా" అంటూ ఒక్క ఊపిరిలో మూడు మర్యాదలు చేశాడు. ఇంత మర్యాద ఎందుకు చేస్తున్నాడా అని ఇందుమతికి అదొక అనుమానం. గురువుగారి జబ్బు అంటుకుంది పాపం.

ఆ పల్లెలో కోతలకు కూలి ఉండదు. ఈ రోజు నీ చేను, రేపు నా చేను. పదిహేనిళ్లవాళ్లు ఒకచోట చేరతారు. సంగటి తినే వేళకు అందరూ కొడవళ్లు గట్టు మీద కుప్పగా పడేసి చెట్టు నీడకు పోతారు. మొదలియారుగారు చేను చూడలేదు, కాల్పులు జరిగిన చోటూ చూడలేదు. ఆ కుప్ప పక్కనే కూచున్నారు. తిండి ముగించుకుని ముందుగా లేచిన ముసలామె, సుబ్బవ్వ, వెనక ఎవరితోనో మాట్లాడుతూనే కుప్పలో చెయ్యి పెట్టి, తడిమి, ఒక కొడవలి తీసుకుంది.

"చూడకుండానే తీస్తివే అవ్వా. అది నీదేనని ఏం నమ్మకం?"

"పిడి మీద గుర్తు ఉండాది గదా నాయనా." ఆమె బొటనవేలు ఒక కాల్చిన గాటు మీద ఆగింది. "మా ఇంటికి ఒకే గాటు. రెడ్డోళ్లకు రెండు, ఎర్రప్పోళ్లకు సుట్టూ ఉంగరం. లేకపోతే పదిహేనిళ్ల కొడవళ్లు కలిసిపోయి కొట్టుకు చావాల్సిందే."

"మరి ఇది ఎవరిదో చెప్పు" అని మొదలియారుగారు ఫోటో ఇచ్చారు.

సుబ్బవ్వ ఫోటోను దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. "గుర్తు లేని కొడవలి మా పల్లెలో లేదు నాయనా. దీన్ని ఎవురో గాజుపెంకుతో గీకేసినారు" అంది. తర్వాత పక్కనే నిలబడ్డ ఎర్రప్ప ముఖం చూసింది. ఫోటో ఇచ్చేసి మనుషులున్న వైపు నడిచింది, వయసుకు మించిన వేగంతో.

సాయంత్రానికి ఈ మాట కదిరప్ప ఇంటికి చేరుతుంది. రేపటికి సర్కారు వకీలుకు చేరుతుంది. అది ఇందుమతికే అర్థమైందంటే ఎర్రప్పకు కాకుండా ఎట్లా ఉంటుంది? అతను గట్టు మీద కూలబడ్డాడు.

"కదిరప్ప చేతిలో ఉండింది తుమ్మకర్ర సార్" అన్నాడు. "రెండు దెబ్బలు అన్న చేత్తో కాచుకున్నాడు. మూడోది తలకాయికే ఎత్తినాడు. అప్పుడు కాల్చినాడు. నేను ఉరికొచ్చేతలికే అంతా అయిపోయింది."

"మరి కొడవలి?"

"ఉత్త కర్రకు తుపాకీ కాల్చినాడంటే ఎవరు సార్ నమ్మేది? పోలీసోళ్లు వచ్చేలోపల ఇంట్లో ఉన్న పాతది తెచ్చి, ఉంగరం గీకి, ఆడ పెట్టినా. అన్నకు కొడవలనే చెప్పమని నేనే చెప్పినా."

"కర్ర యాడుంది?"

"పొయ్యిలో పెట్టేసినా సార్. ఆ పొద్దు మా వదిన దాని మీదే సంగటి కెలికింది."

ఇందుమతికి నవ్వొచ్చినంత పనైంది, వెంటనే డాక్టరు సర్టిఫికెట్ గుర్తొచ్చింది. తుమ్మకర్ర దెబ్బకు తోలు తెగదు, ఎముక చిట్లుతుంది. డాక్టరు కాగితం మొదటినుంచీ కర్ర పేరే చెబుతోంది. దానికి తోడుగా నిలవాల్సింది బూడిదైంది. దానికి ఎదురు తిరిగేది రెండో నంబరు వేయించుకుని కోర్టులో కూచుంది.

"నువ్వే ముందుగా పోయి చెప్పాల" అన్నారు మొదలియారుగారు. "అవతలివాళ్లు చెప్పినాక నువ్వు చెప్తే అది ఇంకో అబద్ధమవుతుంది."

"నన్ను లోపలేస్తారు గదా సార్?"

"వేస్తారు."

"అన్న బయటికొస్తాడా?"

"ఆ మాట నేనియ్యలేను ఎర్రప్పా."

ఎర్రప్ప లేచాడు. గంగులప్ప భార్య చేనులోంచే చెయ్యడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది. ఆమెకేమీ చెప్పకుండా భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, కారు వెనక సీటులో ఎక్కి కూచున్నాడు.

స్టేషన్ ముందు దిగి, అతను ఒక్కడే లోపలికి పోయాడు. తలుపు దాకా అతన్నే చూస్తున్న ఇందుమతికి ఒక చెడ్డ ఆలోచన వచ్చింది. అన్నను కాపాడుకోడానికి కొడవలి పుట్టించినవాడు, ఆ కొడవలి చెల్లదని తెలిశాక కర్రను మాత్రం పుట్టించడా? డాక్టరు ఎముక అన్నాడు, నిజమే. ఎముక రాయి మీద పడినా చిట్లుతుంది. అలా అనుకున్నందుకు ఆమెకే సిగ్గేసింది. అయినా గొంతు తగ్గించి అడిగింది.

"సార్, అసలు కర్ర ఉండిందంటారా?"

మొదలియారుగారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

"ఉండిందనే నా నమ్మకం. ఆ నమ్మకానికి ఏ నంబరు వేయిద్దామో నువ్వు చెప్పమ్మా."