కోతి పెట్టిన పెంగ్విన్ల తిరునాళ్లు

దక్షిణాన చలిసముద్రం ఒడ్డున గాలివనం అనే అడవి ఉంది. అందులో ఎలుగుబంటి, జింకలు, కుందేలు, ఒక బడాయి కోతి ఉండేవి. ఒడ్డుమీది బొరియల్లో పెంగ్విన్లు కాపురముండేవి. పగలంతా సముద్రంలో చేపలు పట్టుకుని, పొద్దుగూకాక పిల్లల దగ్గరికి వచ్చేవి. ఇసుకమీద ఎవరైనా కనిపిస్తే మాత్రం ఒడ్డెక్కేవి కావు. ఒంటరిగా ఎక్కితే డేగలు తన్నుకుపోతాయని, అన్నీ గుంపుగానే ఎక్కాలని వాటి కట్టుబాటు.

పెంగ్విన్లు గుంపుగా ఒడ్డెక్కే ఆ వింత చూపిస్తానని కోతి ఒక సాయంత్రం అందరినీ వెంటబెట్టుకొచ్చింది.

"పొదల వెనక కూర్చుందాం" అంది కుందేలు.

"ఇంత దూరం వచ్చింది పొదలు చూడ్డానికా?" అని కోతి అందరినీ అలల అంచుదాకా లాక్కుపోయింది. కుందేలు ఒక్కటే వెనక ఉండిపోయింది.

నీళ్లలో ఉన్న నీలాలు అనే తల్లి పెంగ్విన్‌కు ఒళ్లు మండిపోయింది. నిన్న వేట దొరక్క బిడ్డ పస్తులుంది. ఇవాళ పొట్టనిండా చేపలు తెచ్చింది. బొరియలోంచి బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. మధ్యలో ఈ దిక్కుమాలిన గుంపు. పొద్దు కుంగుతున్నకొద్దీ ఆ ఏడుపు సన్నబడింది.

"రారేం? మీకోసం ఎంతసేపు కూర్చోవాలి?" అని కోతి చప్పట్లు కొట్టింది. సిగ్గూ శరమూ లేని జన్మ.

ఏడుపు ఆగిపోయింది. నీలాలు ఇక డేగల్నీ చూడలేదు, కట్టుబాటునీ చూడలేదు. ఒంటరిగా ఒడ్డెక్కేసింది.

"చూశారా, నేను పిలిస్తే వచ్చింది" అంది కోతి.

నీలాలు దాని కాలిమీద కసిదీరా పొడిచింది. "నీ పిలుపుకి కాదురా వచ్చింది. అక్కడ నా బిడ్డ ఆకలితో చస్తోంది. నా గుమ్మానికి అడ్డంగా కూర్చుని నన్నే ఆలస్యమంటావా? లే, అవతలికి పో."

ఎలుగుబంటికి తల కొట్టేసినట్టయింది. "తప్పయిందమ్మా" అని, కుంటుతున్న కోతిని మెడపట్టి అడవిలోకి గెంటుకుపోయింది. జింకలూ దాని వెనకే నడిచాయి. ఆ తర్వాత కోతి మాట నమ్మి ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు.

ఇసుక ఖాళీ కాగానే పెంగ్విన్లన్నీ ఒడ్డెక్కి, కుందేలు కూర్చున్న పొద పక్కనుంచే తప్పటడుగులు వేసుకుంటూ పోయాయి. కుందేలు కళ్లారా చూసింది.

అప్పటికే నీలాలు ఆ పొద పక్కనే ఉన్న తన బొరియలో, బిడ్డ నోట్లో ముక్కు పెట్టి పొట్టలోని మేత కక్కుతోంది. బిడ్డ కదల్లేదు. కుందేలు చెవులు రిక్కించింది. కాసేపటికి ఆ చిన్న గొంతు గుటక వేసిన చప్పుడు వినిపించింది.

నీతి: ఎదుటివాళ్ల బతుకు చూడాలని సరదాపడితే, ముందు వాళ్ల దారికి అడ్డు తప్పుకోవాలి.