తొండం చెంబులు

రేవుపురం రాజుగారికి కొడుకు పట్టాభిషేకానికి వచ్చే అతిథులకు ఇవ్వడానికి మూడు వందల ఇత్తడి కొమ్ముచెంబులు కావలసి వచ్చాయి. దీవుల్లోని కంచరులు ముగ్గురు నమూనాలు పంపారు. మూడూ ఒకేలా మెరుస్తున్నాయి. ఎవరికి పని అప్పగించాలో తేలక రాజు, ఊళ్లో చిల్లుబిందెలకు మాట్లు వేసే నూకమ్మను పిలిపించాడు.

కావలసిన చెంబు బొమ్మ గీసింది మంత్రి వీరభూపతి. రాజముద్ర ఏనుగు కనుక, చెంబు కొమ్మును తొండంలా అడుగుదాకా కిందికి వంచాడు. సభంతా అద్భుతమంది. నూకమ్మ మాత్రం బొమ్మను చూసి, "దీన్నే ముగ్గురికీ పంపండి ప్రభూ. తలా ఒక చెంబు చెయ్యమనండి," అంది.

మూడు నెలలకు ఓడ తిరిగొచ్చింది. ఇద్దరు కంచరులు బొమ్మలో ఉన్నట్టే చేసి పంపారు. మూడోవాడు ఉత్తరం మాత్రమే పంపాడు. "కొమ్ము కిందికుంటే నీళ్లు నిలవవు. పైకి తిప్పమంటారా?"

"పని చేతకానివాడి సాకులు," అన్నాడు మంత్రి.

నూకమ్మ ఒక చెంబు అందుకుని నీళ్లు పోసింది. పోసినవి పోసినట్టే తొండంలోంచి మంత్రిగారి కాళ్ల మీద పడ్డాయి.

"ఉత్తరం రాసినవాడికి ఇవ్వండి ప్రభూ," అంది. "అంత దూరం మనం వెళ్లి చూసుకోలేం. మన తప్పు మనకు చెప్పేవాడే కావాలి."

రాజు తలూపాడు. "ఈ తప్పు నీకు ముందే తెలుసా?"

"బొమ్మ చూడగానే తెలిసింది ప్రభూ."

"మరి అప్పుడే మంత్రిగారికి చెప్పలేదేం?"

నూకమ్మ చెంబు కింద పెట్టింది.

"ఆయనకూ నాకూ మధ్య సముద్రం లేదు కదా ప్రభూ."