ఎద్దులకూ బత్తెమే

సముద్రపొడ్డు నుంచి కొండ ఊళ్ళకు ఉప్పు బండ్లు తోలించే షావుకారు ఒకడుండేవాడు, పేరు పెరుమాళ్ళు. ఓ రోజు బండివాళ్ళను పిలిచి, "ఇకమీదట మీ జీతం సగమే. మిగతా సగం బండి దారిలో ఉన్న రోజులకు బత్తెంగా ఇస్తాను. బత్తెం మీద రాజుగారి పన్ను లేదు, ఆ మిగిలేది మీకే లాభం" అన్నాడు.

అందరూ తలలూపారు. వాళ్ళలో అప్పలసూరి అనే బండివాడికి మాత్రం కొండదారి మూసుకుపోయే నాలుగు నెలల వానాకాలం కళ్ళ ముందు మెదిలింది. పన్ను తగ్గే మాట నిజమే, కానీ ఆ నాలుగు నెలలూ ఇంట్లో సగం గంజే.

"మంచి ఏర్పాటు బాబూ," అన్నాడు వినయంగా. "తమరి ఎద్దులకూ ఇదే పెట్టండి. కొట్టంలో ఉంటే సగం మేత, దారెక్కితేనే మిగతా సగం. బోలెడు గడ్డి మిగులుతుంది."

షావుకారు మండిపడ్డాడు. "బుద్ధుందా నీకు? వానలు వెలిసేసరికి ఎముకలు తేలిన ఎద్దులు బండి లాగుతాయా?"

"అదే నా దిగులూను. వాటిని తోలేవాడి సంగతేమిటా అని."

పెరుమాళ్ళు చివరికి జీతం జోలికి పోనన్నాడు, బత్తెం దాని పైన ఇస్తానన్నాడు.

ఆ ఏడు వానలు వెలిశాక ఎద్దులూ, తోలేవాళ్ళూ ఒకే ఊపున కొండెక్కారు.