నల్లోడు కోరుకున్న దొర పేరు

జగ్గరాయుడి వీధిలో పన్నెండు ఇళ్లు. పన్నెండూ ఒకే వంశానివి. ఎవరి చెమటతో కట్టారో ఎవరూ అడగరు గానీ, వీధి మొగలో ఆ వంశపు పెద్దాయన జగ్గరాయుడి పేరు మాత్రం బోర్డు మీద నిగనిగలాడుతుంటుంది. దీపాలు పెట్టేవేళ ఆ ఇళ్ల కోడళ్లు పెరటి గుమ్మంలో నిలబడి "నల్లోడా" అని పిలిచి, మిగిలిన అన్నం పడేస్తారు. నల్లోడనే కుక్కకు ఆ అన్నమే ఆధారం. పక్క వీధిలో ముద్ద ముట్టుకుంటే అక్కడి కుక్కలు చీరేస్తాయి.

ఆ అన్నం మీద చెరుకుతోట నక్క కన్నుపడింది. ఒకరోజు వచ్చి, నల్లోడన్నది బానిస పేరనీ, ఎవరి పేరు వాళ్లే ఎన్నుకోవడం జన్మహక్కనీ ఉపన్యాసం దంచింది. కుక్కకు సగం అర్థం కాలేదు. అర్థంకాని సగమే బాగా నచ్చింది.

"ఊళ్లో ఇన్ని వీధుల పేర్లున్నాయి. ఏరుకో తమ్ముడూ" అంది నక్క.

రెండూ బయల్దేరాయి. కుమ్మరి వీధి పేరు మట్టి వాసన కొడుతోందని కుక్క ముక్కు చిట్లించింది. బెల్లంకొట్ల వీధి అంటే ఈగలు గుర్తొచ్చాయట. గానుగ వీధిలో ముసలి ఎద్దు తమ వీధి పేరు పెట్టుకోమంది.

"కళ్లకు గంతలు కట్టుకుని తిరగడానికి నేనేమన్నా ఎద్దునా మామా?" అంది కుక్క.

చివరికి సొంత వీధి బోర్డు కిందికే వచ్చి తోక ఎత్తింది. "జగ్గరాయుడు. పేరంటే ఇదీ బావా."

బానిస పేరు వద్దన్న నోరే దొర పేరుకు చొంగ కార్చింది.

"ఇక ఆ పేరుతో పిలిస్తే తప్ప కదలకు. ఆత్మగౌరవం ముఖ్యం" అంది నక్క.

సాయంత్రం "నల్లోడా" అన్న పిలుపు వినిపించింది. కుక్క బిగుసుకుని కూర్చుంది. నక్క తోక ఊపుకుంటూ వెళ్లి తినేసింది. మసకలో తోక ఊపేదల్లా ఆ ఇళ్లకు కుక్కే. అలా వారం గడిచేసరికి కుక్క డొక్కలు అంటుకుపోయాయి. తన కొత్త పేరుతో ఒక్కరూ పిలవరేమని ఎద్దు దగ్గర మొత్తుకుంది.

"ఓరి వెర్రోడా, అత్తింటి పెద్దాయన పేరు కోడళ్లు నోటితో పలుకుతారట్రా? ఇల్లెక్కడని అడిగినా 'మా వీధి' అంటారే గానీ ఆ పేరెత్తరు. నక్కకు తెలియదనుకున్నావా?"

కుక్క పరుగెత్తింది. అప్పుడే పిలుపు. నక్క అప్పటికే ముద్ద దగ్గరుంది. నల్లోడు తానేనంటూ ముద్దలో మూతి పెట్టబోయింది. తమ నల్లోడు తింటుంటే ఈ ఊరకుక్క ఎక్కడిదని కోడలు కట్టెపుల్ల విసిరింది.

నక్క తాపీగా నములుతూ అంది: "తప్పుకోండి జగ్గరాయుడు గారూ. దొరలు ఎంగిలికి ఎగబడరు."

దొర పేరు తగిలించుకుంటే దొరతనం రాదు, ఉన్న ముద్ద పోతుంది.