సోమవారం చిమ్మిన నీళ్లు

పక్కవాడి కష్టాన్ని నీ గొప్పగా చెప్పుకునే అలవాటు నీకుంది. లేదనకు, నిన్న అరుగు మీద నా చెవులతో విన్నాను. ఈ కథ అయ్యాక నీ మెడ ఒకసారి తడుముకో.

జగ్గభూపతి తోటలో నీళ్లు పైకి చిమ్మే జలయంత్రం ఉండేది. ఎద్దులు మోట లాగినంతసేపే అది చిమ్మేది. ఎద్దు పేడ వేయడానికి ఆగినా నీళ్లు కూలబడేవి.

ఒకనాడు రాజుకు పంతం పుట్టింది.

"వచ్చే సోమవారం పొరుగు రాజు విందుకొస్తున్నాడు. ఆయన భోంచేసి లేచేదాకా నీళ్లు రెండు నిలువులెత్తు చిమ్మాలి. ఆగిందా, ఆ పని చూసినవాళ్లు కోట విడిచిపోవాలి."

జలాధికారి పెదసింగనకు చెమట పట్టింది. సోమవారం శివుడి వారం, ఎద్దుకు కాడి కట్టరు. కట్టించినవాడే కాడి మోయాలని రాజశాసనం. తోటకు నీళ్లు పెట్టే ఓబులమ్మను పిలిచాడు.

"సోమవారం పని నీది."

"మరి ఎద్దులు?"

"అది నీ తిప్పలు."

కోట విడిస్తే ఓబులమ్మకు తల దాచుకునే చోటు లేదు. అయినా ఏడుస్తూ కూర్చోలేదు. ఆరు రోజులూ మోట నీళ్లలో మిగిలినవి కావళ్లతో బురుజు మీది రాతి తొట్టికి ఎక్కించింది. అక్కణ్నుంచి జలయంత్రం దాకా మట్టి గొట్టాలు దించి, సున్నంతో అతికించి, బిరడా కొట్టింది.

పెదసింగన పగలబడి నవ్వాడు. "నీరు పల్లమెరుగు అంటారే పిచ్చిదానా. దాన్ని బురుజెక్కిస్తావా?"

"ఎక్కించింది దిగడానికే దొరా. ఎంత ఎత్తు నుంచి దిగితే అంత జోరు."

సోమవారం విస్తళ్లు వేయగానే బిరడా తీసింది. నీళ్లు రెండు నిలువులు దాటి లేచి అతిథి తలపాగా తడిపాయి. పులిహోర అయింది, బూరెలు అయ్యాయి, తాంబూలమూ అయింది. చిమ్ము తగ్గలేదు.

"ఎవరిదీ పనితనం?" అన్నాడు పొరుగు రాజు.

పెదసింగన ముందుకొచ్చాడు. "ఈ దాసుడిదే. అంతా నా ఎద్దుల సత్తువ ప్రభూ."

ఓబులమ్మ చేతులు కట్టుకుని అంది:

"అయితే దొరగారు సోమవారం కాడి కట్టించారన్నమాట."

పెదసింగన చేతులు అడ్డంగా ఊపాడు. "లేదు లేదు, ఎద్దులు కొట్టంలోనే ఉన్నాయి."

"మరి నీళ్లెవరు తోడారు?" అన్నాడు జగ్గభూపతి.

కట్టించానంటే శాసనం, లేదంటే అబద్ధం. ఓబులమ్మ బురుజు వైపు చెయ్యి చూపింది. రాజు తొట్టిని చూశాడు, గొట్టాలను చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. పొరుగు రాజుకు నవ్వుతో తాంబూలం పొలమారింది.

జలాధికారం ఓబులమ్మకు దక్కింది. "ఎద్దుల సత్తువ నీదేనన్నావుగా, చూపించు" అని రాజు పెదసింగన మెడకు కాడి వేయించాడు. వారం రోజులు మోట లాగాడు, ఎద్దులు కొట్టంలో నెమరేస్తూ చూశాయి. అతను ఊపిరికోసం ఆగినప్పుడల్లా కొత్త జలాధికారి వచ్చి మర్యాదగా అడిగేది:

"ఏం దొరా, పేడకా?"