ఆకులో వదిలిన ముద్ద

అన్యాయం జరిగింది మావుళ్ళమ్మకి. జరిగింది మృగశిర కార్తె చివరి వారంలో. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివర్లో చెబుదామంటే అప్పటికి మీరు గురకలు పెడతారు, మావుళ్ళమ్మ మాట మళ్ళీ ఎవరి చెవినా పడకుండా పోతుంది. ఒకసారి అలా పోయింది చాలు.

ఏమిటా కిసకిసలు? మధ్యాహ్నం వచ్చిన శ్రీకాకుళం చుట్టాల మాట సాగుతోందని, పెరుగన్నంలో బెల్లం నంజుకున్నారని తలుపు చాటున నవ్వింది మీరిద్దరేగా? చూశాను. నాకు కళ్ళజోడు లేకపోయినా వెధవ్వేషాలు బాగానే కనిపిస్తాయి. ఈ కథ మీకు దానికి శిక్ష. కాళ్ళు చాపుకోండి, దుప్పటి లాక్కోకండి, ఊ కొట్టండి.

అనగనగా ఒక ఊళ్ళో, రాళ్ళు ఎక్కువా, నీళ్ళు తక్కువా, పుల్లవిరుపు మాటలు మరీ ఎక్కువా అయిన ఒక మెట్ట ఊళ్ళో, ఓబుళమ్మ అని ఒక అత్తగారు. ఆమె మొగుడు గిడ్డయ్య. కొడుకు గొర్రెల వెంట కొండలు పట్టి తిరుగుతూ నెలకోసారి ఇల్లు చూసేవాడు. కోడలు మావుళ్ళమ్మది గోదారి పక్క, కాలవల సీమ. ఒక కరువు ఏడు గిడ్డయ్య వరికోతలకి అటు పోయి, ఎవరి అరుగు మీద పడుకున్నాడో ఆ ఇంటి పిల్లనే కొడుక్కి అడిగి చేసుకొచ్చాడు. తల్లీ తండ్రీ లేని పిల్ల. బాబాయి గంగరాజు పెంచాడు.

రాజుల కథ కావాలా? రాజుల ఇంటికి చుట్టాలొస్తే వంటవాడు ఏడుస్తాడు. మనలాంటి ఇంటికి చుట్టాలొస్తే బాన ఏడుస్తుంది. ఏం బానా? విత్తనాల బాన. మంచి కొర్ర కంకులు ఏరి, దులిపి, బూడిద కలిపి బాన నిండా పోసి, మూకుడు బోర్లించి, చుట్టూ పేడా మట్టీ మెత్తేస్తారు. వాన పడి, విత్తడానికి గొర్రు కట్టేదాకా ఆ మూతి ఎవరూ ముట్టరు. పిల్లాడు ఆకలని ఏడ్చినా ముట్టరు. అందులో ఉండేది ఈ పూట కూడు కాదు, వచ్చే ఏడు బతుకు. ఊ కొడుతున్నారా?

సరే, మృగశిరలో గంగరాజు బాబాయీ పిన్నీ మావుళ్ళమ్మని చూసిపోదామని వచ్చారు. కొబ్బరికాయలూ అరటిగెలా మోసుకొచ్చారు. ఓబుళమ్మ మురిసిపోయింది. ఎంత మురిసిందంటే, చేదబావి నుంచి తెచ్చిన నీళ్ళతో వాళ్ళు కాళ్ళు ఒకసారికి రెండుసార్లు కడుక్కున్నా పళ్ళు బిగపట్టుకుని నవ్వింది.

మొదటి రోజు రాగిసంగటి, చింతచిగురు పప్పు. చుట్టాలు తిన్నారు, బాగుందన్నారు, విస్తట్లో ఓ ముద్ద వదిలి లేచారు.

ఓబుళమ్మ ముఖం మాడింది. ఎందుకంటారా? ఆ మెట్ట ఊళ్ళో ఆకు తుడిచినట్టు తినాలి. మెతుకు వదిలితే, నీ కూడు నాకు రుచించలేదని వడ్డించినదాని ముఖాన కొట్టినట్టు. మరి కాలవల సీమలో? అక్కడ తిన్న ఇంట ఒక ముద్ద మిగిల్చి లేవాలి. ఈ ఇంటికి ఎన్నడూ కరువు రాకూడదని దీవెన అది. ఆకు ఖాళీ చేస్తే ఇంకా ఆకలిగా ఉందని అర్థం, ఆ ఇల్లాలు మళ్ళీ వడ్డిస్తుంది.

అటు దీవెన, ఇటు తిట్టు. ఆకొకటే, ముద్దొకటే. రెండూ తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆమె అంట్లు తోముతోంది.

“ఏమ్మే, మీవోళ్ళకి మా కూడు గొంతు దిగల్యా?” అని అడిగింది ఓబుళమ్మ.

మావుళ్ళమ్మ చేతులు తుడుచుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మా వైపు అది మర్యాద అత్తా, కడుపు నిండిందని అర్థం అంది. ఓబుళమ్మ వింటేనా? “కూడు పారేసేది మర్యాదంట! పుట్టినింటోళ్ళని ఎంత బాగా ఎనకేసుకొస్తాండావే!” అని మూతి తిప్పుకుని పోయింది.

రెండో రోజు జొన్నరొట్టె, వేరుసెనగ పచ్చడి, వంకాయ కూర. సంగటి పోయె, రొట్టె వచ్చె, ముద్ద మిగిలె. పక్కింటి సుంకమ్మ దిబ్బ మీద విస్తళ్ళు చూసింది. చూసి ఊరుకుంటే ఆమె సుంకమ్మ ఎందుకవుతుంది? “ఏం వదినా, మీ దిబ్బకాడ కుక్కలకి పండగ జరగతాండాదే!” అంది. ఆ మాట ఓబుళమ్మ చెవిలో పడి కడుపులో రగిలింది.

మూడో రోజు ఏడాదికని దాచుకున్న కందులన్నీ విసిరి ఓళిగలు. అదేనర్రా, బొబ్బట్లు. ఇక మావుళ్ళమ్మ బాబాయిని పెరట్లోకి పిలిచి కాళ్ళావేళ్ళా పడింది. ఈ ఒక్కపూటా ఆకు తుడిచెయ్యి బాబాయీ అంది. ఆయన నవ్వాడు. “అయ్యబాబోయ్, ఆకు ఖాళీ చేస్తే మీ అత్తగారు మళ్ళీ వడ్డించెయ్యరూ? కడుపు పగిలి చావాలేంటే అమ్మడూ?” అన్నాడు. అని కూడా, పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూసి, మెతుకు లేకుండా తిన్నాడు.

ఓబుళమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి నచ్చింది మహానుభావుడికి! ఆ సంబరంలో ఇంకో రెండు ఓళిగలు ఆకులో పడేసి గిన్నెడు నెయ్యి గుమ్మరించింది. ఆయన ఎక్కడ తినగలడు? ముక్క తుంచి, మిగతాది వదిలి, దణ్ణం పెట్టి లేచాడు.

సంగటి పోయె, రొట్టె పోయె, ఓళిగ వచ్చె, ముద్ద మిగిలె. నిద్రపోతున్నార్రా? ఊ అనండి. ఇక్కడే ఆ పిల్ల గొంతు కోశారు.

ఆ సాయంత్రం ఓబుళమ్మ బాన దగ్గర కూర్చుంది. రేపు వీధినంతా పిలిచి, చుట్టాల పక్కనే కూర్చోబెట్టి కొర్రబువ్వ పెడతానంది. నా ఇంటి కూడు ఎట్లుంటుందో నలుగురూ చూడాలంది. గిడ్డయ్య ఆకాశం వంక చూశాడు. మబ్బుతునక లేదు. “వాన యాడిది? అది వచ్చే లోపల సంతలో విత్తనం తెచ్చుకుందాంలే,” అన్నాడు. మగవాడి ధైర్యం ఎప్పుడూ ‘లోపల’ అనే మాటమీద నిలబడుతుంది.

మావుళ్ళమ్మ బానకి అడ్డం పడింది. రెండు చేతులా వాటేసుకుంది. అత్తా, నన్ను కొట్టు, ఇది పగలగొట్టొద్దు అంది. ఓబుళమ్మ ఆమెను పక్కకి నెట్టింది. కోడలికి బుద్ధుందంటే అత్తకి లేదని ఒప్పుకున్నట్టే కదా! మట్టి పగిలింది, మూకుడు లేచింది. బూడిద కడిగారు, కొర్రలు దంచారు. దంచిన రోకలి మావుళ్ళమ్మ చేతిలోనే పెట్టారు.

నాలుగో రోజు వీధంతా తిన్నది. ఆకులు తుడిచింది. గంగరాజు బాబాయి ఇంత ఆదరణ ఎక్కడా ఎరగనని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఈ ఇల్లు చల్లగా ఉండాలని, ఎప్పటికన్నా పెద్ద ముద్ద, తెల్లగా, నేతితో మెరిసేది, అందరి ముందూ ఆకులో వదిలి లేచాడు.

ఐదో రోజు పొద్దున్నే వెళ్ళిపోయారు.

ఆ మూడోనాడు వాన. ఎలాంటి వాననుకున్నారు? మూడేళ్ళుగా మొక్కుకున్న వాన. వాన లేచె, ఎద్దు లేచె, ఎద్దు వెనక గొర్రు లేచె, గొర్రు వెనక గిడ్డయ్య లేచె, గిడ్డయ్య గుప్పిట తెరిచె, గుప్పిట్లో గింజ లేకపోయె. సంత రోజు ఇంకా రాలేదు, ఇల్లిల్లూ తిరిగాడు. తన చేను విత్తకుండా ఇంట్లోంచి గింజ బయటికి పెట్టే ఆనవాయితీ ఆ ఊళ్ళో లేదు. కొర్రబువ్వ తిన్న ఇళ్ళే అవన్నీ. వాళ్ళు విత్తుకునేసరికి నేలలో తడి ఆరింది. ఆ ఏడు మళ్ళీ చినుకు రాలలేదు.

తప్పెవరిదయింది? కోడలిది. నీవోళ్ళు తిని పారేసిన విత్తనం నువ్వే తే, తెచ్చినాకే గడప తొక్కు అని పంపేశారు. కాలవల సీమలో కొర్రలు ఎక్కడ దొరుకుతాయే పిచ్చిమొహమా అని అడిగినవాడు లేడు. నెల తిరిగాక గంగరాజు బాబాయి తన విత్తనాల్లోంచే ఒక బస్తా వడ్లు బండిమీద పంపాడు. పిల్ల ఏడుస్తోంది, కబురు చేయండని చెప్పించాడు. ఆయన ఊళ్ళో అంతకన్న గొప్ప కానుక లేదు. ఓబుళమ్మ బస్తా చూసి, తాగడానికే నీళ్ళు లేని ఊరికి వడ్లా, ఎగతాళి చేస్తున్నారని విప్పకుండా వెనక్కి తోలించింది. కబురు వెళ్ళలేదు.

తరవాతా? అందరూ సుఖంగా ఉన్నారు. కథన్నాక ఉండాలిగా! బాబాయి చచ్చేదాకా ఆ ఓళిగల్ని పొగిడాడట. ఓబుళమ్మ కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేసింది. ఆ రెండో కోడలు మా అమ్మ. ఓబుళమ్మ మా జేజి, నాయన తల్లి. అవునర్రా, తప్పు చేసింది మన ఇల్లే. ఆ ముద్ద మిగలకపోతే నేను లేను, మీరూ లేరు. మావుళ్ళమ్మ ఎన్నాళ్ళు ఎదురుచూసిందో, ఎప్పుడు పోయిందో, నేను పెద్దయ్యాక ఎంత అడిగినా చెప్పినవాళ్ళు లేరు.

రేపు పొద్దున్న ఆ శ్రీకాకుళం ఆవిడ బెల్లం ఎందుకు నంజుకుంటుందో వెళ్ళి ఆవిణ్ణే అడగండి. తెలియకపోతే అడగండి. చెబితే వినండి. నీతి అంతే, ఇంతకన్న నా దగ్గర లేదు.

కథ కంచికి పోయింది. మావుళ్ళమ్మ మాత్రం ఇంటికి రాలేదు.

ఆ బాన మన పెరట్లోనే ఉంది, మీరు బంతి దాచేది అందులోనే. గిడ్డయ్య తాత ఏటేటా వాన పడిన రోజూ, విత్తిన రోజూ మేకుతో దానిమీద గీసేవాడు. బడికి పంపకపోతే నేను అక్షరాలు కూడబలుక్కున్నది ఆ గీతల మీదే. అన్నిటి పక్కనా ‘విత్తినాము’ అని ఉంటుంది. ఒక్కదాని పక్కన ఏమీ లేదు. వేలు పెట్టి చూడండి రేపు:

ఆరుద్ర కార్తె, రెండో దినము, గురువారము. వాన.