ఐదుగురే అన్న అమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, రైలు గేటు అవతలి వీధిలో, కుందన అని పద్నాలుగేళ్ళ పిల్ల ఉండేదే బుజ్జీ. డాక్టరమ్మ ఆటిజం అంది. అంటే ఏం లేదు, మనకి మామూలుగా వినబడేది ఆ పిల్లకి చెవిలో డప్పు కొట్టినట్టుంటుంది. చెయ్యి తగిలితే ఒళ్ళు మండినట్టుంటుంది. చెప్పింది చెప్పినట్టు జరిగితే మాత్రం ప్రాణం కుదుటపడుతుంది.

ఆ పిల్లకి ఓణీల ఫంక్షన్ పెట్టారు. ఆ మాట వినగానే కుందన వాళ్ళమ్మ నాగరత్నాన్ని మూడు ప్రశ్నలు అడిగింది. ఎంతమంది వస్తారు? "ఐదుగురే." ఎంతసేపు? "అరగంటే." నెత్తిన అక్షింతలు వేస్తారా? "చేతిలో పెడతార్లే."

ఆ మూడు మాటలూ పట్టుకునే కుందన వారం రోజులు అన్నం తినగలిగింది.

ఆ రోజు రానే వచ్చింది. కుందన కొత్త ఓణీలో పీటమీద కూర్చుని, వచ్చినవాళ్ళని లెక్కపెడుతూ వేళ్ళు మడిచింది. ఐదో ఆవిడ దాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఆరో ఆవిడ వచ్చింది. ఆ వెనకే మేనత్త దమయంతి రెండు ఆటోల జనాన్ని దింపింది. చెడ్డదేం కాదు ఆవిడ, మేనకోడలంటే ప్రాణమే. నోరు విప్పితే మాత్రం మైకు అక్కర్లేదు.

అప్పుడు ఒకావిడ బుగ్గ గిల్లింది. ఇంకొకావిడ మెడకి గంధం పూసింది. దమయంతి గుప్పెడు అక్షింతలు నెత్తిన పోసింది. ఒక్కో గింజా చురుక్కుమని తగిలింది.

కుందన లేచి, సామాన్ల గదిలోకి పరిగెత్తి గడియ పెట్టుకుంది. చెవులు మూసుకుని ఊగుతూ కూర్చుంది. ఊపిరి అందడం లేదు పిచ్చితల్లికి.

మొదట దమయంతి తలుపు బాదింది. "ఏమ్మా, నలుగురిలో మా పరువు తీస్తావా?" కుందన ఇంకా మూలకి జరిగింది.

ఆ తర్వాత నాన్న వచ్చాడు. "రా తల్లీ, ఒక్క ఫోటో దిగి వెళ్ళిపోదువుగాని." ఒక్కటంటే ఎన్నో ఆ పిల్లకి ఇప్పుడు తెలియడం లేదు.

ఆ తర్వాత తలుపు చప్పుడు కాలేదు. గడప అవతల ఎవరో చతికిలబడ్డారు.

"నేనేనమ్మా. ఐదుగురు కాదని నాకు ముందే తెలుసు. కంగారు పడతావని అబద్ధం చెప్పాను. తప్పు నాది."

కుందన సన్నగా అడిగింది. "ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?"

ఎవరూ లేరు అనేయొచ్చు. నాగరత్నం మాత్రం లేచి వెళ్ళి లెక్కపెట్టుకుని వచ్చింది. "ముప్ఫై ఏడుగురు. భోజనాలు పెట్టి పంపించేస్తాను."

ఐదెక్కడ, ముప్ఫై ఏడెక్కడ. అయినా ఈసారి అమ్మ నిజం చెప్పింది.

దమయంతి మూతి ముడుచుకుంటే ముడుచుకుంది. నాగరత్నం మళ్ళీ మళ్ళీ వచ్చి, ఎంతమంది మిగిలారో తలుపు దగ్గర చెప్పి వెళ్ళింది. ఇరవై అంది. ఆ తర్వాత తొమ్మిది అంది. ఆఖరి వాళ్ళని ఆటో ఎక్కించడానికి నాన్న కూడా వెళ్ళాడు.

"ఇంక ఒక్క మనిషే ఉందమ్మా. నేనే. నన్నూ వెళ్ళమంటావా?"

అమ్మ లేవబోతుంటే గాజుల చప్పుడు వినిపించింది. అప్పుడు కుందన గబగబా గడియ తీసింది.

"నిన్నెప్పుడూ ఆ లెక్కలో వెయ్యలేదమ్మా," అంది.

కథ వెళ్ళింది కంచికి, కుందన చేరింది మంచానికి, నువ్వూ జరగవే నా పక్కకి.